తోమిన రూపాయి

దశరథం లెక్కలో పాత రూపాయలు నాలుగే రకాలు. కన్నె, ఇల్లాలు, ముసలమ్మ, పీనుగ. టంకశాల నుంచి వచ్చి, ఎవరి చేతా నలగకుండా కుండలోనో పెట్టెలోనో ఉండిపోయింది కన్నె. పది చేతులు మారి అక్షరాలు కాస్త మొద్దుబారినా మొహంలో కళ తప్పనిది ఇల్లాలు. చార్మినార్ బొమ్మ మీద మీనార్లు అరిగి మొండి గుంజల్లా మిగిలితే ముసలమ్మ. బొక్క కొట్టించి మెడలో వేసుకున్నదీ, కొండి అతికించినదీ, కరిగించడానికి తప్ప ఎందుకూ పనికిరానిదీ పీనుగ.

ఈ నాలుగు మాటలూ అతను సంతలో నలుగురి మధ్య గొంతెత్తి అనేవాడు. ఏ కోడలో కొంగున కట్టుకుని తెచ్చిన రూపాయిని వేళ్ల మధ్య తిప్పి, "ఇది మీ అత్త లెక్కనే ఉందమ్మా, పండ్లన్ని రాలినయ్" అంటే చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమనేవారు. ఆ నవ్వు ఆగేలోపే ధర తెగిపోయేది. నవ్వులపాలైన మనిషికి బేరమాడే నోరుండదు. వెండి వ్యాపారంలో దశరథం నేర్చిన అసలు విద్య అది. మిగతాదంతా త్రాసు చూసుకునేది.

చిన్నతనంలో గద్వాలలో ఒక వెండి దుకాణంలో కొలిమి ఊదాడు. పట్టీలూ కడియాలూ మూసలో కరిగి తెల్లటి నీళ్లవుతుంటే చూస్తూ పెరిగాడు. కరిగినాక రాణి మెడలోదీ కూలిమనిషి కాలిదీ ఒకటే నీళ్లని అక్కడే తెలిసింది. అలాంటిది తెలిసినవాళ్లు కొందరు వేదాంతులవుతారు, కొందరు దశరథం లాగా తయారవుతారు. దుకాణం మూతపడ్డాక ఒక భూతద్దం, అరచేతిలో పట్టే త్రాసు, బిస్కెట్ల రేకు డబ్బా పట్టుకుని తిరగసాగాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సంతలు. బీచుపల్లిలో ఆంజనేయుడి దగ్గరికి జనం వచ్చే రోజులు. ఇల్లు మాత్రం గట్టు అనే ఊళ్లో. మట్టి నేల, రేకుల కప్పు, ఆదివారం ప్రార్థనకు పోయే భార్య పుష్పమ్మ.

చార్మినార్ రూపాయి అరుదైన సరుకేం కాదు. నిజాం రాజ్యానికి సొంత డబ్బుండేది, హాలీ సిక్కా అనేవారు. ఏరు దాటి కర్నూలు వైపు పోతే అంగ్రేజుల రూపాయి. రెండు రాజ్యాల అంచున బతికిన ఇక్కడి రైతులు మొలతాడుకు రెండు సంచులు కట్టుకు తిరిగినవాళ్లే. రాజ్యాలు పోయాయి, సంచులు చినిగాయి, రూపాయి మాత్రం ప్రతి ఇంట్లో ఏ ధాన్యపు గుమ్మి అడుగునో ఒకటి మిగిలింది. బొమ్మలో చార్మినార్ ద్వారం మధ్య ఒక అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ముందటి నిజాముది, ఐన్ ఉంటే ఆఖరి నిజాముది. దశరథానికి ఉర్దూలో వచ్చినవి ఆ రెండు అక్షరాలూ, తారీఖు చదవడానికి పది అంకెలూ. ఆ మాత్రానికే గట్టులో అతన్ని చదువుకున్నవాడి కింద జమ కట్టారు.

రెండువేల ఏడు ఎండాకాలంలో గట్టు మెట్టల మీద కాలువ తవ్వుతున్నారు. పెద్ద తవ్వకం మిషన్లది, ఒడ్లు చెక్కి మట్టి ఎత్తడం మనుషులది. ఆ మనుషుల గుంపుకు మేస్త్రి హన్మంతు. అతని తమ్ముడు ఈరన్న గడ్డపార వేస్తే, ఈరన్న పెండ్లాం ఈదమ్మ తట్ట మోసేది. ఒకనాడు తట్ట బోర్లించినప్పుడు మట్టిలోంచి నల్లటి బిళ్ల ఒకటి దొర్లి ఆమె కాలి బొటనవేలి దగ్గర ఆగింది. బొగ్గు పెళ్ల అనుకుంది. బరువుండేసరికి కొంగున కట్టుకుంది.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. భూమిలో దొరికిన లోహాన్ని అలాగే ఇంట్లో పెట్టుకోరు. అది ఎవరి శవంతో పోయిందో, ఎవరు ఏ దిష్టి తీసి పాతారో తెలియదు. చింతపండు, పొయ్యి బూడిద పెట్టి మైల పోయేదాకా తోమాలి. పసుపు రాసి జమ్ములమ్మ తల్లి పటం ముందు ఒక వారం ఉంచాలి. ఆ తర్వాతే అది తమ సొమ్ము. ఈదమ్మ ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది. వేళ్లు నల్లబడేదాకా, రూపాయి తెల్లబడేదాకా తోమింది. నాణేలు తెలిసిన ఏ పెద్దమనిషైనా చూసి ఉంటే గుండె బాదుకునేవాడు. పాత నాణెం మీద నలుపు దాని వయసుకు సాక్షి. దాన్ని తీసేస్తే సగం ధర పోతుంది. ఈదమ్మకు పోబోయేది ధర కాదని అప్పటికి ఎవరికీ తెలియదు.

పటం ముందు మిలమిలలాడుతున్న బిళ్లను ఈరన్న చూశాడు. అన్నకు చెప్పాడు. ఆ పొద్దే హన్మంతు ఇద్దరినీ వెంటబెట్టుకుని గట్టులో బస్సులు ఆగే చోట, చాయ్ హోటలు అరుగు మీద కూర్చున్న దశరథం దగ్గరికి వచ్చాడు. చుట్టూ పదిహేను మంది ఉంటారు. అప్పుడే ఒక ముసలాయన రూపాయిని పీనుగని తేల్చి, అందరినీ నవ్వించి, దశరథం మంచి ఊపు మీదున్నాడు.

"దశరథన్నా, జర దీన్ని సూడు. మా ఈదమ్మకు దొరికింది" అన్నాడు హన్మంతు.

దశరథం అరచేతిలోకి తీసుకున్నాడు. ఎండ పడి రూపాయి కళ్లలోకి కొట్టింది.

"వారెవ్వా! కన్నెరా ఇది! మొగోని చెయ్యి పడలే!" అని కేక పెట్టాడు. "ఏమే ఈదమ్మా, దీని అక్కచెల్లెండ్లను యాడ దాచినవ్?"

నవ్వారు. హన్మంతు నవ్వలేదు.

"అక్కచెల్లెండ్లంటే?"

"కన్నెపిల్ల ఒంటరిగ తిరుగుతదా మేస్త్రీ? నలుగురి చేతులు మారకుంట ఇంత తెల్లగ ఉందంటే కుండలకెల్లి వచ్చినట్టే. ఒక్క రూపాయి పెట్టి ఎవడన్న కుండ పాతుతడా?"

నవ్వు ఒక్కసారిగా సన్నబడింది. లంకెబిందెలు అన్న మాట ఎవరూ పైకి అనలేదు. అనకపోవడమే అన్నిటికన్నా పెద్ద గుర్తు. దొరికిన నిధి సర్కారుది, పేరెత్తితే తాసీల్దారు దిగుతాడు. ఆ ఆశ పుట్టిన చోట మొదట చచ్చేది మాటే.

అప్పుడు దశరథం అలవాటు కొద్దీ భూతద్దం తీశాడు. ఒక్క చూపుకే అతనికి తెలిసిపోయింది. అంచు పళ్లు అరిగి నున్నబడ్డాయి. మీనార్ల తలలు లేవు. ద్వారంలో అక్షరం ఐనో మీమో కూడా తెలియని బుడిపె. ఒళ్లంతా బూడిద గీసిన సన్నటి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. మూలల్లో ఇంకా నలుపు, దానిలో ఇరుక్కున్న చింతపండు పీచు. వేల చేతులు మారి, సంత సంతలో నలిగి, ఎవరి జేబు చిల్లులోంచో జారిపడిన ఒంటి ముసలమ్మ అది. నూట అరవై రూపాయల సరుకు.

"తప్పు చూసిన, ముసల్దే" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అరుగు మీద పదిహేను మంది ఉన్నారు, వాళ్లలో ముగ్గురు తమ రూపాయలు చూపించడానికి వరసలో ఉన్నారు. ఇరవై ఏండ్లలో దశరథం అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఇవాళ తీసుకుంటే రేపు ప్రతి ముసల్దీ "ఇంకోపారి సూడన్నా" అంటుంది. అతను భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"కన్నెనే" అన్నాడు మళ్లీ.

ఈదమ్మకు విషయం అప్పుడు అర్థమయింది. బావ మొహం చూసింది, మొగుడి మొహం చూసింది.

"అన్నా, నేను తోమిన! నల్లగ బొగ్గు లెక్క ఉండె. చింతపండు పెట్టి తోమిన, జమ్ములమ్మ తోడు!"

"తోమితే ముసల్ది పడుచుదైతదా?" అన్నాడు దశరథం. "అట్లయితే మా పుష్పమ్మను పంపిస్త, జర తోమియ్యి తల్లీ, పున్నెముంటది."

ఈసారి అరుగు అరుగంతా పొర్లి పొర్లి నవ్వింది. ఆ నవ్వులో ఈదమ్మ చెప్పిన నిజం కొట్టుకుపోయింది. ఊళ్లో నిజాలు ఎక్కువగా పోయేది ఇలాగే. కాదని వాదించి ఎవరూ ఓడించరు, నవ్వి దాటిపోతారు.

ఆ సాయంత్రం ఈరన్న గుడిసెలో నేల లేచిపోయింది. పొయ్యి లేచిపోయింది. కుండలు పగిలాయి, లోపల జొన్నలు తప్ప ఏమీ లేవు. "యాడ పెట్టినవే?" అని ఈరన్న అడిగాడు. మొదటి రోజు నోటితో అడిగాడు, రెండో రోజు చేత్తో, మూడో రోజు వెదురు బద్దతో. చెడ్డవాడు కాదు ఈరన్న. పదేండ్ల కాపురంలో తాగి కూడా ఆమె మీద చెయ్యెత్తలేదని ఊరంతా చెబుతుంది. అప్పటివరకూ అతనికి కావలసిందేదీ ఆమె దగ్గర లేదు, అంతే. హన్మంతు మాత్రం కొట్టలేదు. గడప దగ్గర కూర్చుని బీడీ కాలుస్తూ, "మూడు వంతులు జేద్దాం ఈదమ్మా. నీ వంతు నీకే. ఇంటోళ్లకాడ దాపరికమేంది?" అని మెత్తగా అనేవాడు. బద్ద దెబ్బల కన్నా ఆ మెత్తదనానికే ఆమె ఎక్కువ భయపడేది.

నాలుగోనాడు తెల్లవారగానే ఆమె దశరథం వాకిట్లో నిలబడింది. ఎడమ మణికట్టు వాచి గుమ్మడికాయ తొడిమలా ఉంది. పుష్పమ్మ చూసి, "అయ్యో, ఏందిది" అని లోపలికి కేకేసింది. దశరథం పండ్లు తోముకుంటూ వచ్చాడు.

"అన్నా, నీ కాల్మొక్త. ఒక్కపారి మంచిగ సూసి చెప్పు" అని రూపాయి చాచింది. అన్ని దెబ్బల్లోనూ దాన్ని వదలలేదు. అదొక్కటే తన తరఫున సాక్ష్యం చెప్పగలదని ఆమె నమ్మకం.

అతను భూతద్దం కూడా తియ్యలేదు. "ముసలమ్మ. నూట అరవై. తోమకుండ తెచ్చుంటే రెండు నూర్లు పలుకుతుండె. చెడగొట్టినవ్."

ఈదమ్మ కళ్లు వెలిగాయి. "గా మాట మా బావ ముంగట జెప్పన్నా! ఇప్పుడే పిలుచుకొస్త!"

"ఏమని జెప్పాలె? దశరథానికి కండ్లు కనబడతలేవనా?"

"నన్ను సంపుతరన్నా."

"సంపరు. కుండ చేతికొచ్చేదాంక ఎవడు సంపుతడు?" అన్నాడు. నిజానికి ఓదార్చాననే అనుకున్నాడు. "నాలుగు దినాలు ఓపిక పట్టు, వాళ్లే మర్చిపోతరు. ఇది నాకిచ్చిపో. నూట నలభై ఇస్త, దవాఖానకు పో."

"నాకు పైసలొద్దన్నా. మాట గావాలె."

మాట దశరథం అమ్మే సరుకు కాదు. రూపాయి ఆమె చేతిలోంచి అతని చేతికి ఎలా పోయిందో పుష్పమ్మ తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా చెప్పలేకపోయింది. డబ్బా మూత పడిన చప్పుడు మాత్రం విన్నది. నూట నలభై గడప మీద పెట్టాడు. మూడు రోజులుగా తిండి లేని మనిషి వాటి వంక చాలాసేపు చూసింది. చివరికి పుష్పమ్మే తీసి ఆమె కుడిచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

ఈదమ్మ దవాఖానకు పోలేదు. రెండు కిలోల బియ్యం, ఒక నూనె ప్యాకెట్టు కొనుక్కుని ఇంటికి పోయింది. ఈరన్న సంచి చూశాడు, కొంగు విప్పి మిగిలిన చిల్లర చూశాడు.

"ఓహో" అన్నాడు. "ఒక్కొక్కటి అమ్ముడు షురూ జేసినవా?"

ఆ దెబ్బకు ఆమె పొయ్యి పక్కన పడింది. లేచి కూర్చున్నాక, మొగుడు మళ్లీ బద్ద ఎత్తకముందే, తనకే తెలియని గొంతుతో అంది: "కాలువ కట్ట కింద ఉంది. రెండో తుమ్మ చెట్టుకాడ."

బద్ద ఆగింది. ఆ పూట ఆమెకు అన్నం దొరికింది. తను కొన్న బియ్యమే.

రెండో తుమ్మ దగ్గర నడుము లోతు తవ్వారు, ఏమీ లేదు. సాయంత్రం మళ్లీ బద్ద లేచింది. "రాత్తిరి కండ్లు కానక తప్పు జెప్పిన. గుండు పక్కన." ఆ బండరాతి గుండు పక్కన తవ్వారు. వేలు చూపించినప్పుడల్లా ఒక దినం నెమ్మది దొరుకుతుందని ఈదమ్మ నేర్చుకుంది. చూపించే తీరు కూడా నేర్చుకుంది. వెంటనే చెప్పకూడదు, కాసేపు ఏడవాలి, ఒట్టు వేయించుకోవాలి, "నా వంతు నాకిస్తరా" అని అడగాలి. అలా అడిగితే గట్టిగా నమ్మేవారు. నిజం చెప్పినన్నాళ్లూ ఆమె ఏమీ అడగలేదు, అందుకే నమ్మలేదు.

హన్మంతు తన కూలీల్లో నమ్మకమైన నలుగురిని కాలువ పని నుంచి తప్పించి దీనికి పెట్టాడు. అంజనం వేసేవాణ్ని తెచ్చి చూపించాడు. అతను తమలపాకు మీద కాటుక చూసి "ఉంది, జరుగుతుంది" అన్నాడు. బిందెలు భూమిలో కదులుతుంటాయట. కాబట్టి దొరకకపోవడం కూడా ఉన్నదనడానికి సాక్ష్యమే అయింది. కుండ బయటపడగానే సరుకు చూసి ధర కట్టడానికి దశరథాన్ని దినానికి యాభై రూపాయల లెక్కన కుదుర్చుకున్నారు.

అతను వచ్చాడు. కుండ లేదని ఆ మెట్ట మీద ఈదమ్మ తర్వాత తెలిసినవాడు అతనొక్కడే. అయినా రోజూ గొడుగు తెచ్చుకుని, పుష్పమ్మ వేయించి ఇచ్చిన పల్లీలు నములుతూ గుంత ఒడ్డున కూర్చున్నాడు. సంతకు పోతే యాభై వస్తాయన్న నమ్మకం లేదు, ఇక్కడ ఖాయం. మధ్యమధ్య జోకులు వేసేవాడు.

"ఈదమ్మ వేలు పెట్టినకాడల్లా బావులైతున్నయ్. ఆ కంట్రాక్టరుకు తెలిస్తే మిషన్లు అమ్ముకుని ఈమెనే పెట్టుకుంటడు!"

తవ్వేవాళ్లు నవ్వేవారు. ఈదమ్మ అతని వంక చూసేది కాదు. మట్టి వంక చూసేది.

పదిహేడో రోజుకు ఆరు గుంతలయ్యాయి. ఆరో గుంతలో రాయి తగిలి గడ్డపార మొన విరిగింది. హన్మంతు దాన్ని విసిరికొట్టాడు. కాలువ పని ఆగిందని పైనుంచి కబురు మీద కబురు వస్తోంది. మెత్తటి గొంతు ఆనాడు మెత్తగా లేదు.

"ఇగ ఆఖరిపారి అడుగుతున్న. ఇప్పుడు గూడ దొరకలేదంటే ఈ గుంతల్నే నిన్ను పెట్టి పూడుస్త. తమ్ముడా, ఏమంటవ్?"

ఈరన్న పార అందుకున్నాడు.

ఈదమ్మ ఆరు గుంతలనూ వరసగా చూసింది. చూపించడానికి చెట్టూ గుట్టా మిగల్లేదు. మొగుడి చేతిలో పార చూసింది. తర్వాత గొడుగు నీడలో పల్లీ పొట్టు ఊదుకుంటున్న మనిషిని చూసింది. వాచిన చెయ్యి మెల్లగా లేపింది.

"ఆయనింట్ల ఉంది."

దశరథం మొదట నవ్వాడు. జనం కూడా నవ్వుతారని ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

"ఏం గూస్తున్నవే?"

"ఎంతకాలం దాయాలన్నా? దెబ్బలు నావి, సొమ్ము నీదా?" ఈదమ్మ గొంతులో తడబాటు లేదు. ఆరు గుంతల అభ్యాసం. "బావా, ముందే మేమిద్దరం మాట్లాడుకున్నం. కుండ ఆయనకే ఇచ్చిన. నూట నలభై చేతుల పెట్టిండు, మిగిలింది తర్వాత అన్నడు. లేకుంటే అద్దం పెట్టకముందే కన్నె అని ఎట్ల జెప్పె? కుండ ఉందని ఎట్ల జెప్పె? ఆయనకెట్ల ఎరుక?"

ఆ ప్రశ్న అక్కడున్న ప్రతివాడి కడుపులోనూ అప్పటికే ఉన్నట్టుంది. అందరూ ఒక్కసారే అతని వైపు తిరిగారు.

"ఒరే హన్మంతూ, అది ముసలమ్మరా! నూట అరవై రూపాయల బిళ్లరా! చింతపండుతోని తోమింది, అంతే! కుండ లేదు ఏం లేదు!"

"తోమిందని నీకెప్పుడు తెలుసు?" అన్నాడు హన్మంతు.

"ఆ పొద్దే... అద్దం పెట్టంగనే."

"మరి అప్పుడు జెప్పలేదేమి?"

దశరథం దగ్గర జవాబు ఉంది. కానీ పరువు కోసం ఒక ఆడమనిషిని పదిహేడు రోజులు కొట్టించానని పైకి అంటే, అది నిజంలా వినబడదు. అబద్ధం కూడా దానికన్నా మంచి బట్ట కట్టుకుని వస్తుంది.

ఇంటికి తీసుకుపోయారు. అతనే ముందు నడిచాడు, రూపాయి చూపిస్తే తేలిపోతుందని. రేకు డబ్బా తెరిచి, అడుగునుంచి దాన్ని వెతికి తీసి, భూతద్దం హన్మంతు కంటికి ఆనించాడు. "ఇగో సూడు, అంచు సూడు. మీనారు సూడు, తల లేదు. గీతలు సూడు, బూడిద గీతలు..."

హన్మంతు ఒక కన్ను మూసి చూశాడు. "తెల్లగనే ఉంది గద" అన్నాడు.

డబ్బాను నేల మీద గుమ్మరించారు. ఇరవై మూడు రూపాయలు దొర్లాయి. రెండు కన్నెలు, ఏడెనిమిది ఇల్లాళ్లు, మిగతావి ముసలమ్మలు. ఇరవై ఏండ్ల సంతల ఎండ, ఇరవై ఏండ్ల వెక్కిరింతలు, దశరథం కూడబెట్టిన ఆస్తి మొత్తం అది. "ఇవి నా యాపారంవి! ఒక్కొక్కటి కొన్న!" అని అరిచాడు. ఎవరి దగ్గర కొన్నావంటే, నవ్వి పంపించిన ఏ ఒక్క మనిషి పేరూ అతనికి గుర్తు లేదు.

పార పుష్పమ్మ పొయ్యి కింద పడింది. ఆమె వంటింటి గుమ్మంలో అడ్డం నిలబడి, "మా తాన ఏం లేదురా, ఏసుప్రభువు తోడు" అంటూ ఏడుస్తుంటే ఈరన్న చెయ్యి పట్టి పక్కకు జరిపాడు. గాదె పగిలింది. మంచం కింద నేల లేచింది. దశరథం వాకిట్లోకి పరుగెత్తాడు. అక్కడ గోడకు ఆనుకుని ఈదమ్మ కూర్చుని ఉంది.

"ఈదమ్మా, తల్లీ, నీకు తెలుసు గద! జెప్పవే! ఉన్నయన్ని తీసుకొమ్మను, ఇల్లు తవ్వొద్దని జెప్పవే!"

ఆమె పుష్పమ్మ నీళ్ల బిందె దగ్గరికి పోయి, కుడిచేత్తో చెంబు ముంచుకుని, గటగటా తాగింది. మూతి తుడుచుకుంది. లోపలినుంచి హన్మంతు గుమ్మంలోకి వచ్చాడు. దోసిట్లో రూపాయలున్నాయి.

"ఇరవై మూడు దొరికినయ్ ఈదమ్మా. కుండల ఉన్నయ్ గివేనా, ఇంక ఉండెనా?"

ఈదమ్మ దశరథాన్ని చూడలేదు. ఇల్లు మొత్తాన్ని, రేకుల నుంచి పునాది రాళ్లదాకా, ధర కట్టేదానిలా ఒకసారి నిదానంగా చూసింది.

"ఇంక శానా ఉండె బావా" అంది. "ఎనక గోడ కింద సూడున్రి."